ఉమ్మడి గడుల వలయము

నెట్‌వర్కు పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి మమ్ము నిట్లడిగెను: "అయ్యా, తీగవెంట వచ్చు ప్యాకెట్లన్నియు కంప్యూటరునకు అందుచునే యున్నవి గదా! వానిని వ్రాసిపెట్టు ప్రోగ్రామునకు కొన్ని యేల దక్కవు?" ఈ ప్రశ్న చక్కనిది. లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును ఉదాహరణముగా గైకొని దీనికి సమాధానము చెప్పుదుము.

ఆపరేటింగ్ సిస్టముయొక్క ప్రధాన భాగమునకు కెర్నెలని పేరు. నెట్‌వర్కు కార్డునుండి ప్యాకెట్లను మొదట అందుకొనునది అదియే. దాని మెమొరీ వేరు, ప్రోగ్రాముల మెమొరీ వేరు. నడుమ గోడ యున్నట్లే. సాధారణ పద్ధతిలో ప్రోగ్రాము ఒక్కొక్క ప్యాకెట్టు కొరకును కెర్నెలును పిలిచి అడుగవలెను. కెర్నెలు దాని నకలును గోడ కీవల నందించును. ఒక్క పిలుపునకు పట్టు కాలము స్వల్పమే. అయినను లెక్క చూడుడు.

సెకనునకు 100 కోట్ల బిట్లు మోయు ఈథర్‌నెట్ తీగపై మిక్కిలి చిన్న ప్యాకెట్టు 64 బైట్లు. దాని ముందు నడుచు 8 బైట్లను, వెనుక విడువవలసిన 12 బైట్ల యెడమును కలుపగా 84 బైట్లు, అనగా 672 బిట్లు. కావున సెకనునకు సుమారు 14 లక్షల 88 వేల ప్యాకెట్లు రావచ్చును. అన్ని పిలుపులకు తీరిక యెక్కడిది?

ఇందుకే వేరొక యుపాయము గలదు. ప్రోగ్రాము కోరినంతట కెర్నెలు కొంత మెమొరీని గడులుగా విభజించి వలయముగా నేర్పరచును. పిమ్మట ఎమ్‌మ్యాప్ అను పిలుపుతో ఆ మెమొరీయే ప్రోగ్రామునకును కనబడును. ఒకే గదికి రెండు వాకిళ్లు పెట్టినట్లాయెను. ప్రతి గడి తలయందును ఒక గుర్తుండును. అది 0 అయినచో గడి కెర్నెలుది. 1 అయినచో ప్రోగ్రాముది. కెర్నెలు మొదట ప్యాకెట్టును గడిలో నుంచి, తరువాతనే గుర్తు మార్చును. ప్రోగ్రాము మొదట చదివి, తరువాతనే 0 వ్రాసి గడిని మరల నప్పగించును. ఈ క్రమము తప్పినచో సగము వ్రాసిన ప్యాకెట్టును చదువుటయో, చదువకమునుపే పోగొట్టుకొనుటయో సంభవించును. గడులన్నియు ఖాళీగా నున్నప్పుడు ప్రోగ్రాము పోల్ అను పిలుపుతో నిద్రించి, ప్యాకెట్టు రాగానే మేల్కొనును. గడిలోనికి నకలు చేయుట యిందును గలదు. తప్పినది ప్రతి ప్యాకెట్టునకును వాకిలి తట్టుట మాత్రమే. 2012 వ సంవత్సరమున వెలువడిన లినక్స్ 3.2 నుండి, అనేక ప్యాకెట్లుగల దిమ్మెను ఒక్కసారిగా అప్పగించు పద్ధతియు వచ్చినది.

అయితే వలయ మెంత పెద్దదైనను దానికి మేర గలదు. 2048 గడులున్నవనుకొందము. పైన జెప్పిన వేగమున నవి సెకనులో వేయవవంతునకు కొంచె మెక్కువ కాలములోనే నిండిపోవును. ప్రోగ్రాము అంతలో గడులను విడువనిచో కెర్నెలు దానికొరకు వేచియుండదు, నకలును విడిచిపెట్టును. అసలు ప్యాకెట్టు మాత్రము తన దారిని తాను పోవును. కనుక ఆ నష్టము నెవ్వరును గమనింపరు. నెట్‌వర్కులోని లోపమును వెదకువాడు తన వ్రాతలో లేని ప్యాకెట్టు అసలే రాలేదని తలంచి, పంపినవానిపై నిందమోపును.

ఈ కారణముచేతనే విడిచిన ప్యాకెట్ల సంఖ్యను కెర్నెలు లెక్కించి యుంచును. ప్రోగ్రాము అడిగినచో చెప్పును. చెప్పిన పిమ్మట లెక్క మరల సున్న యగును. కావున మంచి ప్రోగ్రాము దానిని అడిగినప్పుడెల్ల కూడి, తన వ్రాతతో పాటు చూపవలెను. అన్నియు చూచితినని చెప్పుకొను సాక్షికంటె, ఇన్ని చూడలేదని యొప్పుకొను సాక్షియే నమ్మదగినవాడు.

విద్యార్థులారా, గడులను 8192 చేసినచో వలయ మెంత కాలమున నిండునో మీరే లెక్కవేసి చూడుడు. వలయము ఆలస్యమును కొంతసేపు ఓర్చుకొనునే గాని, దానిని మాన్పజాలదని మీకే బోధపడును.