తోడు లేకున్నా ఆడుకోవచ్చు చెల్లీ

ఏం చెల్లీ, పిల్లలు హాస్టల్లో, ఆయన టమోటా లారీ వెంట. పొద్దుగూకినాక ఏం చేస్తుంటావే అంటే, “ఏముందక్కా, ఫోను చూస్తూ పడుకుంటా” అంటావు. ఈసారి నీకో ఆట చెప్తా. నాలుగు చింతగింజలు, ఒక నోటుపుస్తకం, పెన్ను ఉంటే చాలు.

“ఒక్కదాన్నే ఆడుకుంటుంటే ఎవరన్నా చూసి నవ్వరా?” అంటావేమో. నవ్వితే నవ్వనీ. మన వామనగుంతల పీటకు పద్నాలుగు గుంతలు, ఆడేది ఇద్దరు. పక్కనున్న తమిళనాడులో ఇలాంటి ఆటనే ఒక్కరే ఆడే పద్ధతి ఉంది, సీతాపాండి అంటారు. అశోకవనంలో సీతమ్మ పొద్దుపుచ్చింది దీంతోనేనని చెప్పుకుంటారు. అంత కష్టంలో ఉన్న ఆ తల్లికే ఆట కావాల్సి వచ్చిందని మన ఆడవాళ్ళు అనుకున్నారంటే, నీకూ నాకూ తప్పేముంది?

నేను చెప్పే ఆటలో గుంతలుండవు, గళ్ళుండవు. నువ్వు ఇంకో మనిషివవుతావు. అమెరికాలో 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు “డంజన్స్ అండ్ డ్రాగన్స్” అనే ఆట తెచ్చారు. బల్ల చుట్టూ తలా ఒక పాత్ర పట్టుకుని కూర్చుంటారు, ఒకరు కథ నడుపుతారు, కత్తి తగిలిందా తప్పిందా అన్నది పాచిక తేలుస్తుంది. నలుగురూ కూడే తీరిక అక్కడా అందరికీ లేదు. 1976కల్లా రిక్ లూమిస్ ఒక్కరే ఆడుకునే పుస్తకం రాశాడు, “బఫెలో క్యాజిల్” అని. 2018లో షాన్ టామ్‌కిన్ తెచ్చిన “ఐరన్‌స్వార్న్” ఒంటరిగానూ ఆడొచ్చు, పుస్తకం కంప్యూటర్లోకి ఊరికే దించుకోవచ్చు. అవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయని వెనకాడొద్దు. కిటుకు ఒక్కటే: కథ నడిపే మనిషి లేడు కాబట్టి, ప్రశ్న నువ్వడుగు, జవాబు పాచికను చెప్పనీ.

పాచిక బదులు మన అష్టాచెమ్మా గింజలు పెట్టుకో. చింతగింజను గరుకు బండ మీద ఒకవైపు తెల్లపప్పు కనబడేదాకా అరగదియ్యి. నాలుగూ గుప్పిట్లో ఆడించి వెయ్యి. ఒకటే తెలుపు పడితే “కాదు”. మూడు పడితే “అవును”. రెండు పడితే “అవును, కానీ ఓ చిక్కుంది”. నాలుగూ తెలుపైతే అడిగినదానికంటే మేలు, అన్నీ నలుపైతే నువ్వు ఊహించనిదేదో జరిగినట్టు. గింజ రెండువైపులా సమానంగా పడుతుందనుకుంటే, మొత్తం 16 తీరుల్లో 6 సార్లు రెండు తెలుపులే పడతాయి. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఆ చిక్కే. కథ అక్కడే కదులుతుంది.

ఆడి చూపిస్తా. తొలకరి చినుకు పడింది. మన పత్తికొండ దిక్కు జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో జనం వంగి వజ్రాలు వెతుకుతున్నారు. నువ్వు ఓబులమ్మవి, ఇంటిమీద అప్పుంది. “రాయి దొరికిందా?” గింజలు వేశావు. రెండు తెలుపు. దొరికింది, కానీ చిక్కేమిటి? నువ్వే ఆలోచించాలి. సరే, చేను ఆసామి చూశాడు. “వాటా అడుగుతాడా?” ఒకటే తెలుపు. అడగడు. మరి గట్టుమీద ఎందుకు నిలబడ్డాడు? ఇక్కడ కాసేపు పెన్ను ఆగుతుంది. ఆగనీ. ఉన్నట్టుండి నీకే తడుతుంది, కరువునాడు ఓబులమ్మ తల్లి వాళ్ళింటికి జొన్నలు ఇచ్చింది! ఆయన ఆ బాకీ తీర్చుకుంటున్నాడు. ఈ మాట గింజలు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నీ లోపలినుంచి వచ్చింది. సీరియల్ చూస్తే ఇది దొరకదు చెల్లీ.

ఒక్క నియమం మాత్రం తప్పొద్దు: నచ్చని జవాబు వచ్చిందని గింజలు మళ్ళీ వేయకు. ఓబులమ్మ ఓడిపోతే ఓడిపోనీ. మార్కెట్లో ధర పడితే పంట రోడ్డుమీద పోసి ఇంటికొచ్చే మనకు, ఏమీ పోగొట్టుకోకుండా ఓడిపోయే చోటు ఒకటుండాలి. పొద్దున లేస్తే అందరి మాటా విని నడుచుకునే నీకు, రాయి ఈ రాత్రే అమ్మాలా, పుట్టింట్లో దాచాలా అని నువ్వే తేల్చుకునే అరగంట ఒకటుండాలి. అది నీ హక్కని గట్టిగా నమ్ముతాను నేను.

ఓబులమ్మ కథ వద్దంటే ఇంకోటి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలరాతో చనిపోయింది మన పత్తికొండలోనే, 1827 జులై 6న. దొర పేరు చరిత్రలో ఉంది. ఆ కలరా రోజుల్లో ఊళ్ళో రోగులకు నీళ్ళు మోసిన ఆడమనిషి ఎవరని ఎవరు రాశారు? ఆమె నువ్వే అవ్వు. బావి దగ్గర మొదటి ప్రశ్న అడుగు.

సుగ్గికి, అంటే కూలిపనికి వలసగా, గుంటూరు దిక్కు పోయే అక్కచెల్లెళ్ళకూ ఇదే మాట. గింజలు కొంగున ముడేసుకుని పోవచ్చు. రాసిన పేజీలు ఎవరికీ చూపించక్కర్లేదు. అక్షరదోషాలు లెక్కచేయకు, అరగంట చాలకపోతే రేపటికి ఆపుకో. ఈ ఆదివారమే మొదలుపెట్టు చెల్లీ.