పిచ్చుకగూటికి రేకు కావలి

ప్రశ్న: మా పెరటి వేపచెట్టునకు కట్టిన పెట్టెలో పిచ్చుకలు పిల్లలను పెట్టుచున్నవి గాని, ఏదో ప్రాణి ఎక్కి వానిని అపహరించుచున్నది. నివారణోపాయ మేమి?

జవాబు: పెట్టెను చెట్టుమ్రానికి కట్టుటయే ఇందలి మూలదోషము, ఏలయన, ఆ గరుకు బెరడు పిల్లికిని, ఎలుకకును, జెర్రిపోతునకును చక్కని నిచ్చెన. గూడు చెదరకయే పిల్లలు మాయమైనచో పామును, ఈకలు చెల్లాచెదరుగా పడియున్నచో పిల్లిని శంకింపవచ్చును.

గూడు ఖాళీయైన పిదప పెట్టెను తొలగించి, కొమ్మలకును గోడలకును సుమారు 3 మీటర్ల దూరమున, నున్నని ఇనుపగొట్టముపై నిలుపవలయును. పిచ్చుక మనుష్యసాన్నిధ్యమును కోరు పక్షి గావున ఇంటికి మిక్కిలి దూరము వలదు. పెట్టె దిగువను 20 సెంటీమీటర్ల వ్యాసము, 60 సెంటీమీటర్లకు తక్కువగాని పొడవు గల రేకుగొట్టమును, పైకొన మూసి, క్రిందికొన తెరచి, కంబమునకు తొడిగినచో, ప్రాకివచ్చిన జంతువు లోపల దూరి మూత తగిలి వెనుదిరుగును; వెలుపలినుండి ఎక్కబోయినను దానికి పట్టు చిక్కదు. పొడుగైన జెర్రిపోతులు తిరుగు తావులందు 90 సెంటీమీటర్లు మేలు.

కంబమునకు గ్రీజు పూయుడని కొందరు చెప్పుదురు. అది నాకు సమ్మతము గాదు: ఎండకును దుమ్మునకును త్వరలో నిష్ప్రయోజనమగుటయే గాక, ఈకలకు అంటిన పక్షికే ప్రాణాపాయము. ద్వారము 32 మిల్లీమీటర్లు చాలును. దానిముందు వాలుటకై అమర్చు పుల్ల పిచ్చుకకు అనవసరము, శత్రువునకు ఆధారము. పామును మాత్రము చంపకుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము జెర్రిపోతునకును రక్షణ నిచ్చుచున్నది, పైగా మీ పెరటి ఎలుకలను అదుపులో నుంచునది అదియే.