రోటరీ యాక్సిస్ కొంటున్నారా? బిల్లు ఎవరి పేరు మీద?

ప్రశ్న: మాది పటాన్‌చెరు. పాశమైలారంలో సీఎన్‌సీ ఆపరేటర్‌గా చేస్తున్నాను. ఇంట్లో చిన్న రౌటర్ మెషిన్ మీద సెలవు రోజుల్లో చెక్క పని చేసుకుంటాను. దానికి రోటరీ యాక్సిస్ పెట్టాలనుంది. హార్మోనిక్ డ్రైవ్ ఉన్నదానికి మామూలుదాని కన్నా చాలా ఎక్కువ చెబుతున్నారు. అంత పెట్టవచ్చా? తేడా వస్తే చట్టం ఆదుకుంటుందా?

జవాబు: మీరు ఎక్కువ డబ్బిచ్చేది ప్రధానంగా లూజు తక్కువ ఉంటుందన్న మాటకు. 100 మి.మీ. వ్యాసమున్న దుంగ మీద ఒక ఆర్క్ మినిట్ లూజు అంటే అంచున దాదాపు 0.015 మి.మీ. సాండ్ పేపర్ అంతకన్నా ఎక్కువే తీసేస్తుంది. చెక్క స్తంభాలకైతే మామూలు యూనిట్, గట్టి టెయిల్‌స్టాక్ చాలు. కోత నడుస్తుండగా ముందుకీ వెనక్కీ తిరగాల్సిన ఇత్తడి పని ఉంటేనే ఖరీదైనది అక్కరకొస్తుంది.

ఖరీదైనదే కొనాలనుకుంటే లూజు ఎంతో చెప్పే అంకెను కాగితం మీదికి తెప్పించండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, అమ్మినవారు ఏ రూపంలో చెప్పిన ప్రమాణానికైనా సరుకు తగ్గితే అది లోపమే. వాట్సాప్ సందేశం, ప్రకటన కూడా లెక్కలోకి వస్తాయి. వాటిని దాచుకోండి. సరుకు రాగానే చక్‌లో మందపాటి పట్టీ అడ్డంగా బిగించి, కేంద్రం నుంచి 100 మి.మీ. దూరంలో డయల్ గేజ్ ఆనించండి. మోటార్ లాక్‌లో ఉంచి పట్టీని అటూ ఇటూ మెల్లగా నెట్టండి. ముల్లు 0.03 మి.మీ. కదిలితే సుమారు ఒక ఆర్క్ మినిట్. వీడియో తీసి పెట్టుకోండి.

అసలు చిక్కు బిల్లు దగ్గర వస్తుంది. షెడ్డున్న మిత్రుడి జీఎస్టీ నంబరు మీద కొంటే పన్ను కలిసొస్తుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి వద్దు. అది వ్యాపారపు కొనుగోలని వాదించడానికి ఎదుటి వకీలుకు అదొక్కటే చాలు. వ్యాపారం కోసం కొన్నవారు ఈ చట్టం కింద వినియోగదారులు కారు. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో, అప్పటి పాత చట్టం కింద, సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఒక సీఎన్‌సీ టర్నింగ్ మెషిన్ సంగతే. కొన్న సంస్థ వినియోగదారు కాదని చెప్పింది. అయితే స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మెషిన్ కొని తానే నడిపేవారికి రక్షణ ఉందనీ, ఒకరిద్దరు సాయమున్నా ఆ హక్కు పోదనీ అదే తీర్పు చెబుతోంది. వేరేవాళ్లతోనే నడిపిస్తే మాత్రం పోతుంది. కొన్నది వ్యాపారానికేనని మొదట నిరూపించాల్సిన భారం ఎదుటివారిదేనని 2024లో శ్రీరామ్ చిట్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీది సరదా పని కాబట్టి మీ పేరు మీదే కొంటే ఏ బెంగా లేదు.

విదేశీ సైట్ నుంచి నేరుగా తెప్పిస్తే, ఇక్కడ ఆఫీసే లేని అమ్మకందారు నుంచి గెలిచిన డబ్బు రాబట్టడం చాలా కష్టం. ఆ ముప్పును కూడా ధరలో కలిపి చూసుకోండి.

ఫిర్యాదు చేయాల్సివస్తే అమ్మినవారి ఊరికి పరిగెత్తనక్కర్లేదు. మీరు ఉండేచోటే, అంటే సంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వివాదం మొదలైన రెండేళ్లలోపు వేయాలి. పరీక్ష అవసరమైతే కమిషనే యూనిట్‌ను ల్యాబ్‌కు పంపుతుంది. ఆ ఖర్చు ముందు మీరు కట్టాల్సి ఉంటుంది. అంతకన్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి.