సేవాసంఘముల సామర్థ్యము – ప్రజారోగ్యము

ప్రజారోగ్యమనగానే మన మనస్సున మెదలునవి ఆసుపత్రి, వైద్యుడు, ఔషధము. ఈ మూడును అవసరములే. కాని రోగి ఆసుపత్రి గడప ఎక్కకముందు ఇంటిలోను, వీధిలోను, నీటికుళాయి వద్దను జరుగు వ్యవహారమే అతని ఆయుష్షును అధికముగ నిర్ణయించుచున్నది. శిశువునకు విరేచనములు పట్టుకొన్నపుడు తల్లి నీరు త్రాగించునా, మాన్పించునా? గర్భిణికి ముఖము, కాళ్లు వాచినపుడు ఇంటిలోని పెద్దవారు దానిని ప్రమాదముగ గుర్తింతురా? క్షయరోగి రెండు నెలలకే దగ్గు తగ్గినదని ఆరు నెలల మందును మానివేసిన, ఎందుకు మానితివని అడుగువారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలవారు ఆ వీధిలోనే ఉండవలెను. అట్టివారిని తయారుచేసి నిలుపుకొను శక్తి చిన్న సేవాసంఘములకు ఎట్లు కలుగును అనునదే ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచిన విషయము.

సంఘమును స్థాపించుట కష్టము కాదు. 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము ఏడుగురు సభ్యులు చేరిన చాలును. ఒక బోర్డు, ఒక ముద్ర, ఒక రశీదు పుస్తకము ఏర్పడును. సంవత్సరమునకొకసారి షామియానా వేసి ఉచిత వైద్యశిబిరము జరుపుదురు. ఆ ఒక్క దినమున వందలమందికి రక్తపోటు చూచి, పది దినములకు మాత్రలిచ్చి పంపుదురు. పదునొకండవ దినమున ఏమగును? రక్తపోటు జీవితకాలపు వ్యాధి. శిబిరము ఒక దినపు కార్యము. ఈ మాట శిబిరములు నిర్వహించు సహృదయులను నిందించుటకు వ్రాయుటలేదు. వారి శ్రమ నిజమైనది. ఆ శ్రమ నిలువకపోవుటయే మా బాధ.

నిలిచిన శ్రమకు మన దేశముననే ఒక గొప్ప ఉదాహరణము కలదు. మహారాష్ట్రలో పూర్వము అహ్మద్‌నగర్ అనియు, ఇప్పుడు అహల్యానగర్ అనియు పిలువబడు జిల్లాలో జామ్‌ఖేడ్ అను వర్షాభావ ప్రాంతమున్నది. రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే అను వైద్యదంపతులు 1970లో అక్కడికి చేరినారు. ఇరువురును వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివినవారు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ప్రజారోగ్యశాస్త్రమును అభ్యసించి వచ్చినవారు. అంతటి చదువు చదివినవారు వచ్చినంతనే ఉపన్యాసము ప్రారంభింపలేదు. మీకేమి కావలెనని గ్రామస్థులను అడిగినారు. ఆరోగ్యము కావలెనని వారనలేదు. తిండి, నీరు కావలెనన్నారు. కనుక పని అక్కడనే మొదలైనది. యువరైతుల సంఘములు ఏర్పడినవి. ఆ యువకులే పిల్లలకు భోజనము వండి పెట్టించినారు. బోరుబావులు త్రవ్వవలసివచ్చినపుడు దళితవాడలలో నీటిచోట్లు చూపించి అక్కడనే వేయించినారు. అగ్రవర్ణములవారును అక్కడికే వచ్చి నీరు తోడుకొనవలసివచ్చినది. కలరా, విరేచనములతోబాటు అంటరానితనమునకును ఆ బావి కొంత చికిత్స చేసినదనవచ్చును.

మొదట వారు శిక్షణ పొందిన నర్సులను గ్రామములకు పంపి చూచినారు. ఆ పద్ధతి నిలువలేదు. పట్టణమునుండి వచ్చిన ఒంటరి యువతికి పల్లెలో ఉండుట కష్టము. పల్లెవారికి ఆమెపై నమ్మకము కుదురుట మరియు కష్టము. అప్పుడు గ్రామమే తనలోనుండి ఒక స్త్రీని ఎంచి పంపవలెనని నిర్ణయించినారు. అట్లు వచ్చినవారిలో అధికసంఖ్యాకులు అక్షరాస్యులు కారు. పలువురు దళిత స్త్రీలు. కాన్పు, శిశుపోషణ, టీకాలు, క్షయ, కుష్ఠు, కుటుంబనియంత్రణ మొదలైన విషయములు వారికి నేర్పబడినవి.

ఎట్లు నేర్పినారన్నది ఉపాధ్యాయులమైన మాకు మిక్కిలి ఆసక్తి కలిగించు అంశము. కొన్ని నెలలు కూర్చుండబెట్టి, ధ్రువపత్రమిచ్చి పంపివేయలేదు. ఆ స్త్రీలు వారము వారము జామ్‌ఖేడ్ కేంద్రమునకు వచ్చెడివారు. కలిసి తిని, ఒకేచోట నిద్రించి, మరునాడు ఊరికి వెళ్లెడివారు. ఒక్కొక్కరు తమ ఊరిలో ఆ వారము చూచిన రోగములను చెప్పుట, మిగిలినవారు ప్రశ్నించుట, వైద్యులు సరిదిద్దుట – ఇదియే తరగతి. పాఠము కొంచెము, పునశ్చరణము అధికము. ఖురాన్ కంఠస్థము చేయు విద్యార్థి క్రమము మన పాఠకులలో పలువురికి తెలిసినదే. ఆనాటి కొత్త పాఠము సబఖ్. ఇటీవలి పాఠము సబ్‌ఖీ. పాత భాగము మంజిల్. మూడును నడిచిననే హాఫిజ్ నిలుచును. మంజిల్ మానినవాడు ఎంత తెలివిగలవాడైనను మరచును. జామ్‌ఖేడ్ స్త్రీలు నిలిచినది ఈ మంజిల్ బలముననే అని మా అభిప్రాయము.

ఫలితమును ఆ సంస్థ లెక్కలే చెప్పుచున్నవి. ప్రారంభదశలో ప్రతి వేయి సజీవ జననములకు 176 మంది శిశువులు ఏడాది నిండకముందే మరణించుచుండిరి. 1990వ దశకము చివరికి ఆ సంఖ్య 30కి లోబడినది. 1975లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రచురించిన ఒక గ్రంథమున జామ్‌ఖేడ్ ప్రయోగము చోటు చేసికొన్నది. 1978లో ఆల్మా-ఆటా నగరమున ప్రాథమిక ఆరోగ్య సంరక్షణను ప్రపంచదేశములు లక్ష్యముగ ప్రకటించుటకు ముందు ఆదర్శముగ చూపబడిన ప్రయోగములలో ఇదియొకటి. 1979లో ఆ దంపతులకు మెగసెసే పురస్కారము లభించినది. వీటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. జామ్‌ఖేడ్ క్రమముగ ఇతర సంస్థల కార్యకర్తలు వచ్చి నేర్చుకొను విద్యాలయమైనది. వచ్చినవారికి పాఠము చెప్పువారిలో ఆ పల్లె స్త్రీలును ఉన్నారు.

తెలంగాణకు పొరుగుననే, ప్రాణహితకు ఆవలి ఒడ్డున గడ్చిరోలి జిల్లా ఉన్నది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1986లో ‘సెర్చ్’ అను సంస్థను ప్రారంభించినారు. చదువురాని మంత్రసానులు శిశువు శ్వాసలను లెక్కించి న్యుమోనియాను గుర్తించుటకై పూసలతోను, ఒక నిమిషపు ఇసుకగడియారముతోను చిన్న సాధనమును కల్పించినారు. అంకెలు రానివారికి అంకెలు నేర్పుటకై ఆగక, చేతికి అందిన పనిముట్టును ఇచ్చిన ఈ ఉపాయము మెచ్చదగినది. 39 గ్రామములలో శిక్షణ పొందిన స్త్రీలు ఇంటనే నవజాత శిశువులను కనిపెట్టి చూచుటవలన నవజాత మరణములు 62 శాతము తగ్గినట్లు 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురింపబడినది. 2011 నుండి దేశమంతట ఆశా కార్యకర్తల విధులలో నవజాత శిశువుల గృహసందర్శనము చేరుటకు ఈ అనుభవమే మార్గము చూపినది.

నేర్పుట ఒక ఎత్తు. నేర్చినది నిజముగ నిలిచినదా అని చూచుకొనుట మరొక ఎత్తు. ఈ రెండవ విద్యలో బంగ్లాదేశ్‌లోని ‘బ్రాక్’ సంస్థ మనకు గురువు. ఫజ్లే హసన్ ఆబెద్ 1972లో స్థాపించిన ఈ సంస్థ 1980 – 1990 మధ్య ఇంటింటికి స్త్రీ కార్యకర్తలను పంపి, విరేచనములకు ఉప్పు, బెల్లము, నీరు కలిపి త్రాగించు విధమును ఒక కోటి ఇరువది లక్షలకు పైబడిన గృహములలో నేర్పించినది. కార్యకర్త పోయిన కొన్ని వారములకు మరియొకరు వచ్చి తల్లిని అడిగెడివారు. తల్లికి ఎంత గుర్తున్నదో దానినిబట్టియే కార్యకర్తకు వేతనము! చెప్పినదానికి కాదు, నిలిచినదానికి కూలి. మన కళాశాలలలో ఈ నియమము పెట్టిన మా వేతనములేమగునో ఊహింప భయముగనున్నది.

ఐనను తొలిదశలో తల్లులు విధానమును చక్కగ చెప్పుచునే, బిడ్డకు రోగము వచ్చినపుడు త్రాగించుట మాత్రము తక్కువగ కనబడినది. విచారింపగా, కార్యకర్తలకే ఆ నీటిపై నమ్మకము లేదని తేలినది. తమ ఇండ్లలో వారు మాత్రలే వాడుచుండిరి. ఇంటి పురుషులకు ఎవరును చెప్పలేదనియు తేలినది. కార్యకర్తలకు శాస్త్రకారణములు మరల బోధించినారు. పురుషులతో బజారులలోను, మసీదులలోను మాటలాడినారు. అప్పుడు వాడకము పెరిగినది. తన లోపమును తానే కొలుచుకొని దిద్దుకొనగలిగిన సంస్థకే సామర్థ్యమున్నదని మేమందుము. (ఇప్పుడు లవణ పొట్లములు అంగన్‌వాడీలోను, ఆశా కార్యకర్త వద్దను లభించుచున్నవి గనుక ఇంటి పాళ్లకంటె పొట్లమే శ్రేయస్కరము.)

ఇక ధనము. దాతలు ఔషధములకిత్తురు, కంబళ్లకిత్తురు, అంబులెన్సుపై పేరు వ్రాయించుకొందురు. శిక్షణకు, రిజిస్టరుకు, కార్యకర్త బస్సు చార్జీకి ఇచ్చుట అరుదు. వీటిని వృథా ఖర్చుగ భావించుట మన సమాజమున గాఢముగ నాటుకొన్నది. కాని వక్ఫ్ అను భావన మనకు కొత్తది కాదు గదా! అందులో మూలధనము చెక్కుచెదరదు; దాని ఫలమే పంచబడును. 1284లో కైరో నగరమున సుల్తాన్ ఖలావూన్ నిర్మించిన ఆసుపత్రి శతాబ్దములపాటు నడచుటకు వక్ఫ్ ఆదాయమే ఆధారము. భవనముతోబాటు వైద్యుల, పరిచారకుల పోషణమును కూడ దాత ముందుగనే ఆలోచించినాడు. శిక్షణ పొందిన స్త్రీయును అట్టి మూలధనమే. మాత్ర మింగగానే ముగియును; ఆమె నేర్చినది ఇరువది సంవత్సరములు వీధికి పనికివచ్చును.

లెక్కల విషయము కొంత కఠినముగనే చెప్పవలెను. నమ్మకస్థుడగు కార్యదర్శి జేబులో నడచు లెక్క ఆ కార్యదర్శితోనే పోవును. సంవత్సరాంతమున ఆడిటుచేయించిన పద్దులు, తీర్మానముల పుస్తకము, బ్యాంకులో ఇరువురి సంతకముల ఖాతా – ఇవి లేని సంఘమునకు ప్రభుత్వముగాని, పెద్ద సంస్థలుగాని చేయూతనీయజాలవు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు నెలకు ఒక ఆదివారము పేటలోని సేవాసంఘముల పద్దులు వ్రాయుట నేర్పిన, అది వైద్యసేవ కంటె తక్కువ సేవ కాదు.

మన కళాశాలకు ప్రత్యేకమైన పని ఒకటి కలదు. మన మొహల్లాలలో ఉర్దూ మాత్రమే చదువగల తల్లులున్నారు. ఆరోగ్యశాఖ గోడపత్రము తెలుగున ఉండును. మందుచీటి ఆంగ్లమున ఉండును. ఏ మాత్ర ఉదయము, ఏది రాత్రియో తెలియక పొరపాటు పడువారు తక్కువ కాదు. ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి ఈ లోటు తీర్పగలరు.

మొదటి సంవత్సరమునకు ఒక మొహల్లా, అక్కడివారే ఎంచిన ఇద్దరు స్త్రీలు, ఒక రక్తపోటు యంత్రము, ఒక రిజిస్టరు చాలును. పట్టణ ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునితోను, ఆ ప్రాంతపు ఆశా కార్యకర్తతోను ముందుగ మాటలాడవలెను. వారికి పోటీగ కాక, తోడుగ నిలువవలెను. వారమునకొక మధ్యాహ్నము కళాశాలలో ఒక గది ఆ స్త్రీల పాఠమునకు కేటాయింపవలెను. రాబోవు వ్యయపట్టికలో వైద్యశిబిరపు పద్దు ప్రక్కనే శిక్షణ పద్దు ఒకటి చేర్చవలసినదిగ కమిటీ పెద్దలకు మా విన్నపము. రిజిస్టరులో ఏ గడులుండవలెనో, ఏ మాటకు ఏ ఉర్దూ మాట సరిపోవునో విద్యార్థులు ఈ వేసవి సెలవులలోనే వ్రాసి చూపవచ్చును.