పెళ్లికి ముందు సహజీవనం: తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు



పెళ్లి కాకుండానే యువతీయువకులు ఒకే ఇంట్లో కలిసి ఉండటాన్ని సహజీవనం అంటున్నాము. ఈ మాట ఎత్తగానే చాలామంది తల్లులు "మా అమ్మాయి అటువంటిది కాదమ్మా" అంటారు. మంచిదే. అయినా ఆడపిల్లలు ఏ పరిస్థితుల్లో, ఏ వయసులో ఈ నిర్ణయం తీసుకుంటారో తెలుసుకుంటే వారి ఆరోగ్యాన్ని మనం కాపాడుకోగలము.

ఏ పరిస్థితులు కారణం?

ఈ విషయాన్ని ఏళ్ల తరబడి లెక్కగట్టిన దేశం అమెరికా. మన పిల్లలు ఎంతోమంది చదువులకు వెళ్తున్న దేశం కూడా అదే. అక్కడ 15 నుండి 44 ఏళ్ల స్త్రీలలో, పెళ్లి కంటే ముందు సహజీవనం మొదలుపెట్టినవారు 1995లో 34 శాతం. 2006-2010 మధ్య జరిగిన ప్రభుత్వ సర్వే నాటికి వారు 48 శాతం అయ్యారు.

1. చదువు: అదే సర్వేలో హైస్కూలు పూర్తి చేయని స్త్రీలలో ఇది సుమారు 70 శాతం, డిగ్రీ చదివినవారిలో 47 శాతం. చదువు సాగుతున్నంత కాలం ఈ నిర్ణయం సాధారణంగా వాయిదా పడుతుంది.

2. పుట్టిల్లు: తల్లిదండ్రులు విడిపోయిన ఇళ్లలో పెరిగిన అమ్మాయిలు చిన్న వయసులోనే సహజీవనం మొదలుపెట్టడం అక్కడ ఎక్కువ. ఇంట్లో ప్రశాంతత లేని పిల్ల బయట నీడ వెతుక్కుంటుంది.

3. ఖర్చు, ఒంటరితనం: పెద్ద నగరాల్లో రెండు గదుల అద్దె కంటే ఒక గది అద్దె తేలిక. జ్వరం వస్తే మంచినీళ్లు ఇచ్చే మనిషి కూడా కావాలి.

4. పెళ్లి వయసు పెరగడం: మన దేశంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 18 ఏళ్ల లోపే పెళ్లయినవారు 2005-06లో 47 శాతం. 2019-21 నాటికి 23 శాతానికి తగ్గారు. ఇది సంతోషించవలసిన మార్పు. కాని ఇల్లు విడిచి చదువుకు, ఉద్యోగానికి వెళ్లిన నాటి నుండి పెళ్లి వరకు ఉండే కాలం కూడా పెరిగింది. కులం వేరని పెద్దలు ఒప్పుకోకపోతే ఆ కాలం ఇంకా సాగుతుంది.

ఆరోగ్యానికి ఏమిటి సంబంధం?

ఆ సర్వేలో తొలిసారి సహజీవనం మొదలుపెట్టిన స్త్రీలలో ప్రతి 100 మందికి దాదాపు 20 మంది మొదటి ఏడాదిలోనే గర్భవతులయ్యారు. మన దగ్గర ఇటువంటి గర్భాన్ని భయంతో దాచిపెడతారు. అసలు ప్రమాదం ఆ దాపరికంలోనే ఉంది. అందుచేత ఈ విషయాలు మీ అమ్మాయికి ముందే చెప్పండి:

- నెలసరి వారం దాటినా రాకపోతే మూత్ర పరీక్ష చేయించుకోవాలి. గర్భం అని తేలితే వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.
- మెడికల్ షాపులో సొంతంగా గర్భం పోయే మాత్రలు కొని వేసుకోకూడదు. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు. ట్యూబు పగిలి లోపల రక్తస్రావమై ప్రాణం పోవచ్చు. పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, రక్తం కనబడటం ఉంటే ఆ క్షణమే ఆసుపత్రికి రావాలి.
- ఇద్దరూ హెచ్.ఐ.వి., సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు చేయించుకోవాలి.
- కొట్టడం, బెదిరించడం జరిగితే భరించనక్కరలేదు. 2005 నాటి గృహహింస చట్టం, పెళ్లి వంటి సంబంధంలో కలిసి ఉన్న స్త్రీకి కూడా రక్షణ ఇస్తుంది. 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు.
- 18 ఏళ్లు నిండని అమ్మాయి విషయంలో, ఆమె ఇష్టపడినా, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అది నేరం. కేసు భయంతో వైద్యం మాత్రం ఆలస్యం చేయవద్దు.

మీరు ఏమి చేయాలి?

"అలాంటి పని చేస్తే ఈ గడప తొక్కవద్దు" అని కోపంలో అనేస్తాము. మనము మరచిపోతాము, పిల్ల మరచిపోదు. కష్టం వచ్చిన రోజున ఆమెకు ముందు ఆ మాటే గుర్తుకొస్తుంది. రెండు నెలలప్పుడు రావలసిన పిల్ల ఐదో నెలలో వస్తుంది, లేదా రక్తం పోయి స్పృహ లేని స్థితిలో వస్తుంది.

అమ్మానాన్నలతో చెప్పలేనిది పిన్నితోనో, మేనత్తతోనో, అక్కతోనో చెప్పుకోగలదు. అటువంటి ఒక మనిషి ప్రతి అమ్మాయికీ ఉండేలా చూడండి. వారానికి ఒకసారి ఫోన్ చేసినప్పుడు మార్కులు, జీతం తరువాత అడగండి; తిండి, నిద్ర, ఆరోగ్యం ముందు అడగండి.

ఆమె నిర్ణయం మీకు నచ్చకపోవచ్చు. నచ్చలేదని నెమ్మదిగా చెప్పండి. దానితో పాటు, "ఏమి జరిగినా ముందు నాకు ఫోన్ చెయ్యి తల్లీ" అన్న మాట కూడా ఈ రోజే చెప్పండి.