ఆర్‌ఎస్‌ఐని కోడుగా రాసే ముందు



సాంకేతిక సూచికలను, అంటే నమోదైన ధరలకు గణిత సూత్రాలను వర్తింపజేసి రాబట్టే సంఖ్యలను, పైథాన్‌లో లెక్కగట్టడానికి పూనుకున్నవారు మొదట ఒక్క సూచికనే ఎంచుకొని, దాన్ని కాగితం మీద చేత్తో సాధించిన తరువాతే కోడు జోలికి వెళ్లడం మంచిది. అందుకు ఆర్‌ఎస్‌ఐ (రిలేటివ్ స్ట్రెంగ్త్ ఇండెక్స్) ఎంతో అనువైనది. మెకానికల్ ఇంజనీరుగా పనిచేసిన అమెరికన్ వెల్స్ వైల్డర్ 1978లో వెలువరించిన పుస్తకంలో దీన్ని వివరించాడు.

ముగింపు ధర ముందురోజు కంటే పెరిగితే ఆ తేడాను లాభంగానూ, తగ్గితే నష్టంగానూ విడివిడిగా రాసుకొని, లాభం గానీ నష్టం గానీ లేనిచోట సున్నా వేసి, మొదటి 14 తేడాలకు రెంటికీ విడిగా మామూలు సగటు తీయాలి; ఆ తరువాత ప్రతిరోజూ పాత సగటును 13తో హెచ్చించి, ఆనాటి విలువ కలిపి, 14తో భాగించాలి. సగటు లాభాన్ని సగటు నష్టంతో భాగించి, దానికి 1 కలిపి, వచ్చిన సంఖ్యతో 100ను భాగించి, ఆ ఫలితాన్ని 100లోంచి తీసివేస్తే మిగిలేదే ఆర్‌ఎస్‌ఐ. అది 70 దాటితే కొనుగోళ్లు మితిమీరాయనీ, 30 కంటే దిగితే అమ్మకాలు మితిమీరాయనీ భావించడం వాడుక.

కోడు రాసేవారు ఎక్కువగా తడబడేది ఈ సగటు దగ్గరే. సగటు లాభం 1.40 రూపాయలు, సగటు నష్టం 0.70 రూపాయలు ఉన్న షేరు మరునాడు 2.80 రూపాయలు పెరిగిందనుకుంటే, వైల్డర్ పద్ధతిలో ఆ సగటులు 1.50, 0.65 అవుతాయి, ఆర్‌ఎస్‌ఐ 69.77 వస్తుంది. అదే సగటును పైథాన్‌లోని పాండాస్ లైబ్రరీలో ఈడబ్ల్యూఎం ఫంక్షన్‌తో తీస్తూ స్పాన్ 14 అని ఇస్తే కొత్త విలువకు పదిహేనింట రెండు వంతుల బరువు పడుతుంది గనుక, అదే షేరుకు అదే రోజున 72.34 వస్తుంది. ఒక లెక్కలో 70 గీత దాటని షేరు మరో లెక్కలో దాటిపోయింది. రెండు ప్రోగ్రాములూ ఏ దోషమూ చూపకుండానే నడిచాయి. వైల్డర్ సగటు కావాలంటే ఆల్ఫాను పద్నాలుగింట ఒక వంతుగా ఇచ్చి, అడ్జస్ట్‌ను ఫాల్స్‌గా ఉంచాలి. అప్పుడు కూడా మొదటి సగటును విడిగా అమర్చకపోతే తొలి రోజుల విలువలు తేడాగానే వస్తాయి. ఆ మొదటి సగటు ప్రభావం మరో 14 రోజులు గడిచాక కూడా దాదాపు 35 శాతం నిలిచి ఉంటుంది, 100 రోజులకు గానీ లెక్కలోకి రానంతగా తరిగిపోదు. అందుచేత చూడదలచిన తేదీకి చాలా ముందునుంచే ధరలు తీసుకోవాలి.

ఆ ధరలు కూడా సవరించినవై ఉండాలి. 2024 అక్టోబరులో రిలయన్స్ ఇండస్ట్రీస్ ఒక షేరుకు ఒకటి చొప్పున బోనస్ ఇచ్చినప్పుడు ధర సగానికి సర్దుకుంది. వాటాదారుకు నష్టమేమీ లేకపోయినా, పాత ధరలను సగం చేయని పట్టికలో అది ఘోర పతనంగా కనిపించి, ఆర్‌ఎస్‌ఐని వారాల తరబడి పాడుచేస్తుంది.

అన్నిటికంటే భయపడవలసిన తప్పు మరొకటి ఉంది. మధ్యాహ్నం మూడున్నరకు మార్కెట్ ముగిశాక గానీ తేలని ధరతో సంకేతం లెక్కించి, అదే ధరకు కొన్నట్టు పాత డేటాపై పరీక్షిస్తే, ఎవరికీ చేతికందని లాభాలు కాగితం మీద పుట్టుకొస్తాయి. సంకేతాల వరుసను షిఫ్ట్‌తో ఒక రోజు తరువాతికి జరిపి, మరునాటి ప్రారంభ ధరకే కొన్నట్టు చూడాలి, బ్రోకరేజీ, పన్నులు కూడా తీసివేయాలి. ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. అటువంటి చోటికి కష్టార్జితంతో వెళ్లే బిడ్డ తన లెక్క తననే మోసగించకుండా చూసుకోవాలన్నదే పెద్దల ఆరాటం.

కాగితం మీది 69.77 కోడులోనూ పైసా తేడా లేకుండా వచ్చిన తరువాత, వైల్డర్ అదే పుస్తకంలో వివరించిన, ధర ఒడిదుడుకులను కొలిచే ఏటీఆర్‌ను, ఆపైన ఇదే సగటును ఒకదాని మీద మరొకటిగా వాడి ధోరణి బలాన్ని కొలిచే ఏడీఎక్స్‌ను చేపట్టవచ్చు.