పాదయాత్ర - పాదోదకము

లింగధారియైన వీరశైవునకు తీర్థయాత్ర అవసరమా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. హైదరాబాదు తూర్పుభాగమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో స్థిరపడిన లింగాయత కుటుంబములలో శివరాత్రియో ఉగాదియో సమీపించినపుడు ఇది మరల వినవచ్చుచుండును. పెద్దలు శ్రీశైలమునకు నడచి పోవలెనని సంకల్పింతురు. చదువుకొన్న పిల్లలు "ఇష్టలింగము మన రొమ్ముననే యుండగా రెండువందల కిలోమీటర్లు నడచి మరియొక లింగమును చూడనేల?" అని యడుగుదురు. దీనిని అవిధేయతగా భావించి కసరుట తగదు. ఇది బసవతత్త్వము నుండి పుట్టిన ప్రశ్నయే. సమాధానమును కూడ ఆ తత్త్వమునుండియే చెప్పవలెను.

12వ శతాబ్దిలో కల్యాణ నగరమున బసవేశ్వరుడు దేహమే దేవాలయమని బోధించెను. స్థావరము కంటె జంగమమునకు పెద్దపీట వేసెను. అయినను ఆనాటి శరణులు నడువక మానలేదు. అక్కమహాదేవి ఉడుతడి నుండి కల్యాణమునకును, అచటి నుండి శ్రీశైలమునకును నడచి పోయినది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణమును పర్వతమునకే కేటాయించి, శివరాత్రికి శ్రీశైలము చేరు భక్తుల యాత్రను వర్ణించెను. వీరెవ్వరును లింగము లేనివారై దానిని వెదకుచు బయలుదేరలేదు; లింగముతో కూడ నడచిరి. జంగమమనగా కదలునది. కదలుచు లోకమును సేవించుటయే వారి యాత్రకు అర్థము.

నేటికిని ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్రల నుండి వేలాది భక్తులు కాలినడకన శ్రీశైలమునకు వచ్చుచున్నారు. కర్నూలు, ఆత్మకూరు దాటి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో నడచి కైలాసద్వారము చేరుదురు. భ్రమరాంబను తమ ఆడపడుచుగా నెంచి పసుపు కుంకుమలు, చీర తెచ్చుట కన్నడ భక్తుల ఆచారము.

ఎల్.బి.నగర్ నుండి పోవువారి త్రోవ వేరు. కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్టల మీదుగా శ్రీశైలం రహదారిని అందుకొని తుక్కుగూడ, కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ దాటిన పిదప డిండి వాగును చేరుదురు. హాజీపూర్ దాటగనే రంగాపురము వద్ద ఉమామహేశ్వరము కలదు. త్రిపురాంతకము, సిద్ధవటము, అలంపురము తక్కిన మూడు దిక్కుల ద్వారములు కాగా, ఇది శ్రీశైలమునకు ఉత్తరద్వారము. మన్ననూరు నుండి పులుల అభయారణ్యము. రాత్రివేళ అడవిదారిలో వాహనములకే అనుమతి లేదు గనుక నడచువారు ప్రొద్దుండగనే గుంపుగా సాగవలెను. దినమునకు ఇరువదియైదు కిలోమీటర్ల చొప్పున నడచినను ఎనిమిది తొమ్మిది దినములు పట్టును.

ఈ దినములలో యాత్రికుడు నేర్చుకొనునదేమి? అష్టావరణములలోని పాదోదక ప్రసాదముల అర్థము అతనికి త్రోవలో తెలియును.

ముందుగా ప్రసాదము. పట్టణమున కూరగాయలు సరూర్‌నగర్ రైతుబజారులో తూకమునకు దొరకును; వాటిని పండించిన చేయి కనబడదు. త్రోవలో ఆ చేయి కనబడును. మాఘ ఫాల్గుణములలో చెరువుల క్రింద యాసంగి వరి పచ్చగా నుండును. అచ్చంపేట వైపు వేరుశనగ పీకుచున్న కూలీలు ఎండలో వంగి కనిపింతురు. ఊరి రచ్చబండ వద్ద యాత్రికులకు మజ్జిగ పోయు ఇల్లాలు వారి కులమును అడుగదు. ఆమె కాయకము, ఆమె దాసోహము అచట ఒకేచోట కనిపించును. పెట్టువాడను నేనేయని యిన్నాళ్ళు తలచిన గృహస్థుడు ఆ యరుగుమీద పుచ్చుకొనువాడగును. భృత్యాచారమును గ్రంథములో పదిమార్లు చదివినదానికంటె ఆ ఒక్క గ్రుక్క మజ్జిగ ఎక్కువ బోధించును.

ఇక పాదోదకము. బసవేశ్వరుడు విద్యనభ్యసించి, తుదకు లింగైక్యము చెందిన కూడలసంగమము కృష్ణా మలప్రభల సంగమస్థలము. అచటి కృష్ణవేణియే దిగువకు ప్రవహించి శ్రీశైలము క్రింద పాతాళగంగయై, అటుపిమ్మట నాగార్జునసాగరమును చేరుచున్నది. 2004 నుండి ఆ సాగరజలము కోదండాపురమున శుద్ధియై, నూరు కిలోమీటర్లకు పైగా గొట్టములలో పయనించి, ఎల్.బి.నగర్ చెంతనున్న సాహెబ్‌నగర్ జలాశయమును చేరుచున్నది. కుళాయి త్రిప్పగా వచ్చు నీరు సంగమనాథుని ముంగిట పారిన నదిదే. పాతాళగంగ మెట్లు దిగి ఆ నీట చేయి ముంచిన యాత్రికునకు, తన యింటి పూజకు ప్రతిదినము వచ్చు తీర్థమేదో అప్పుడు తెలియును.

కాని పుచ్చుకొన్నదానికి ప్రతిగా పట్టణమేమి యిచ్చుచున్నది? మూసారాంబాగు, చైతన్యపురి ప్రక్కగా పోవు మూసీనది నగరపు మురుగును మోసికొని ప్రతాపసింగారము, పిల్లాయిపల్లి పొలములకు చేర్చుచున్నది. ఆ నీటితోనే అచటి రైతు పశుగ్రాసమును, వరిని పండించును. ఆ మూసీ తుదకు వాడపల్లి వద్ద కృష్ణలోనే కలియును. తీర్థముగా గ్రహించిన నదికి మురికిని తిరిగి యిచ్చుట లింగధారికి తగునా? సదాచారము గృహద్వారముతో ముగియునది కాదు. తన యింటి కాలువ చేరుచోటి వరకు అది సాగవలెను.

కనుక పిల్లల ప్రశ్నకు సమాధానమిది. లింగమును పొందుటకు యాత్ర అక్కరలేదు. అది కరస్థలముననే యున్నది. చెరువుగట్టుననో బావిచెంతనో కూర్చుండి వేళతప్పక పూజింపవచ్చును. వీరశైవులకు సూతకములు లేవు గనుక స్త్రీలకు ఏ దినమునను నడకకు ఆటంకము లేదు. యాత్ర అవసరమైనది ఋణమును తెలిసికొనుటకు. ఎవరి అన్నము తినుచున్నామో, ఎవరి నీరు త్రాగుచున్నామో పాదములు నడచి చూచినపుడే మనస్సునకు పట్టును.

తొమ్మిది దినములు నడువలేని కుటుంబము ఒక్క దినమైనను నడువవచ్చును. నాగోలు నుండి మూసీ యొడ్డు పల్లెల వైపు పిల్లలను వెంటబెట్టుకొని పోయి, ఆ పొలములను చూపి, ఆ రైతులతో మాటలాడించి, సాయంకాలము ఇంటికి వచ్చి ఇష్టలింగమునకు పూజచేయవలెను. ఆనాటి అభిషేకమునకు తెచ్చిన చెంబు నీటిలో కృష్ణయు మూసీయు రెండును జ్ఞప్తికి వచ్చును. ఆ జ్ఞప్తి కలిగిన యింట నీరు వృథాకాదు, అన్నము పారవేయబడదు, దాసోహము పేరునకు మాత్రమే మిగులదు. మఠములు శివరాత్రికి ముందు తమ శిష్యకుటుంబములకు ఇట్టి నడకను నియమముగా విధించిన, పాదయాత్ర పాదముల శ్రమగా ముగియక ఆచారముగా నిలుచును.